ముందు బోల్టు

ఆదివారం పొద్దున పళ్ళు తోముకుంటూనే గడియారాలాయన ఆ రోజు పనులు వరసగా అనుకున్నాడు. బండి వెనక హౌసింగ్‌లో ఆయిల్ మార్చాలి. తర్వాత స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకోవాలి. తర్వాత పెద్ద గడియారాన్ని బండిలో పెట్టుకుని కొండమీది బడికి వెళ్ళాలి. వీటిలో ఇస్త్రీ ఒక్కటే ఆయనకి కాస్త కష్టమైన పనిగా తోచింది.

ఆయన బజారు మూల చిన్న కొట్లో చేతి గడియారాలు బాగుచేస్తాడు. కంటికి భూతద్దం తగిలించుకుని, ఆవగింజంత మరల్ని పట్టకారుతో తీసి, తీసిన వరసలోనే రేకు మూతలో పేర్చి, మళ్ళీ బిగిస్తాడు. పెద్ద పని ఎప్పుడూ చేతికి రాలేదు. ఈ మధ్యే వచ్చింది. కొండమీది బడి బురుజులో ఎప్పుడో ఆగిపోయిన గడియారాన్ని విప్పి ఇంటికి తెచ్చుకున్నాడు. కుట్టుమిషనంత యంత్రం. ఎండాకాలమంతా దానితో కుస్తీపట్టి, తుప్పు గీకి, అరిగిన పళ్ళచక్రాలు కొత్తవి కోయించి, ఎలాగైతేనేం నడిపించాడు. ఇప్పుడది గదిలో మంచం మీద దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. దారిలో గంట మోగకుండా దాని సుత్తిని ఆయన భార్య గుడ్డపేలికతో కట్టేసింది.

ఆ బడి హెడ్‌మిస్ట్రెస్ మాటంటే మాటే. "ఆదివారం సాయంత్రం పాత విద్యార్థులంతా వస్తున్నారు. పొద్దుగూకేలోగా బురుజులో గంట మోగాలి. మోగకపోతే బ్యాటరీ గడియారం తెప్పించి ఉంచాను, అది తగిలించేస్తాను. మీ రేపొస్తా, ఎల్లుండొస్తా వినే ఓపిక నాకు లేదు" అని ఫోనులో చెప్పేసింది. బ్యాటరీ గడియారం! ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఆయన లేచి వెళ్ళి యంత్రం మీద దుప్పటి సర్దేవాడు.

కొండదారి ఇరుకు, నిటారు, వాన పడితే బురద. నాలుగు చక్రాలూ ఒక్కసారే లాగే బండి తప్ప ఇంకోటి ఎక్కదు. అలాంటిది ఆయన బావమరిదికి ఉంది. బావమరిది దూరాభారం పోయే లారీలు తోలతాడు. రాత్రి లారీ ఎక్కబోయే ముందు తన బండిని బావగారి వాకిట్లో నిలిపి, తాళంచెవితో పాటు ఓ ఆయిల్ డబ్బా కూడా చేతిలో పెట్టాడు.

"బావా, వెనక హౌసింగ్ గుర్రుమంటోంది. ఆయిల్ మార్పించకుండా కొండెక్కించకు. పళ్ళు రాలతాయి."

"నా పళ్ళా, దాని పళ్ళా?"

"ముందు దానివి. తర్వాత అక్క చేతిలో నీవి."

హౌసింగ్ అంటే వెనక చక్రాల మధ్య లావుపాటి ఇనప బుర్రలా వేలాడేది. తీరా పొద్దున మెకానిక్ షెడ్డుకి ఫోన్ చేస్తే ఆదివారం సెలవన్నారు. ఇంకొకరైతే డీలాపడేవారు. గడియారాలాయన ముఖం వెలిగిపోయింది.

"నేనే మార్చేస్తా" అన్నాడు భార్యతో.

ఆవిడ మిషను మీద జాకెట్టు చేతులు అతుకుతోంది. కాలు ఆపలేదు. "మీరా?"

"కారంటే ఏంటనుకున్నావ్? పెద్ద గడియారం. అవే పళ్ళచక్రాలు, అవే మరలు. కాస్త నూనె. అంతే."

"మొన్న కుళాయి విప్పినప్పుడూ ఇలాగే అన్నారు."

"కుళాయి వేరు."

"అవును, వేరే. నీళ్ళయితే పక్కింటికెళ్ళి బిందెతో తెచ్చుకున్నాం."

అయినా ఆయన ఆగలేదు. ఊరంతా తిరిగి స్పానర్లు అరువు తెచ్చుకునేసరికి మధ్యాహ్నం దాటింది. వాకిట్లో, వీధి గేటు వైపు కాస్త వాలుగా నిలబడి ఉన్న బండి కింద చాప పరిచాడు. స్పానర్లు పొడుగు ప్రకారం పేర్చాడు. బోల్టులు పెట్టుకోవడానికి రేకు మూత, ఆయిల్ పట్టడానికి బేసిను పెట్టుకున్నాడు. భూతద్దం కంటికి తగిలించుకున్నాడు. వెల్లకిలా పడుకుని వెనక చక్రాల మధ్యకి జరిగి, "మీ తమ్ముడికి ఫోన్ చెయ్యి" అని కేకేశాడు.

స్పీకరు పెడితే లారీ రొద తప్ప ఏమీ వినపడలేదు. అందుకని ఆవిడ ఫోను చెవికి ఆనించుకుని మెట్టు మీద నిలబడింది.

"ఒరేయ్, మీ బావ బండి కింద దూరారు. ఏం చెయ్యాలో చెప్పు."

"బావే మారుస్తున్నాడా! సరే, కంగారుపడద్దను. ముందు ఆయిల్ పోసే బోల్టు విప్పమను."

ఆవిడ బండి వైపు తిరిగింది. "ముందు ఆయిల్ పోసే బోల్టు విప్పమంటున్నాడండీ!"

బావమరిది చెప్పిన దాంట్లో తప్పు లేదు. పాత ఆయిల్ కార్చే కింది బోల్టు ముట్టుకోకముందే, కొత్త ఆయిల్ పోసే పై బోల్టు ఊడుతుందో లేదో చూసుకోవాలి. లేకపోతే ఉన్నది కారిపోయి, కొత్తది పోసే దారి లేక బండి కూర్చుంటుంది. అయితే ముందు అనే మాటకి మన భాషలో రెండు ముఖాలున్నాయి. ఒకటి వేళ వైపు చూస్తుంది, ఒకటి బండి మూతి వైపు చూస్తుంది. గడియారాలాయనకి రెండోదే కనిపించింది. వెనక చక్రాల దగ్గరున్న ఆయన పాదాలు మెల్లగా పాకుతూ వచ్చి ముందు చక్రాల దగ్గర తేలాయి.

ఆవిడకి అనుమానం వచ్చింది. "గుర్రుమనేది వెనక కదరా, ముందెందుకు?"

"అదే కిటుకక్కా! అందరూ అక్కడే బోర్లాపడతారు. ముందే విప్పాలి!"

"ముందే విప్పాలటండీ! అదే కిటుకట!"

"నాకు తెలుసు!" అంది బండి కింది గొంతు. "గడియారంలోనూ అంతే. ముల్లు ఆగిందని ముల్లుని పట్టుకుంటామా? వెనక మూత తీస్తాం!"

ఆ తర్వాత కాసేపు మూలుగులు, ఇనుము మీద ఇనుము జారిన చప్పుడు, చెప్పులతో నేలని తన్నిన చప్పుడు వినిపించాయి. చివరికి, "వచ్చేసింది!"

"వచ్చేసిందట్రా!"

"ఇంకేం భయం లేదు. కిందిది విప్పి ఉన్నదంతా కార్చెయ్యమను!"

కింది బోల్టు నాలుగు చుట్లు మర్యాదగా తిరిగింది. అయిదో చుట్టుకి ఆయన వేళ్ళలోంచి ఎగిరి బేసిన్లో పడింది. దాని వెనకే ఆయిల్, వేలి లావు ధారగా, బుసబుసమంటూ దూకింది. ఆయన భూతద్దం మీద పడింది, మీసం మీద పడింది, మిగతాది బేసిన్లో పడింది. లోకమంతా ఎర్రగా, పెద్దదిగా కనిపించింది.

"ఇంకో బేసిను!"

ఆవిడ గుడ్డలు నానబెట్టే బేసిను తెచ్చింది. అదీ నిండింది. బకెట్ తెచ్చింది. బకెట్ జరిపేలోగా బేసిను ఒలికింది. ఎర్రటి ధార వాలు పట్టుకుని, గేటు కింది నుంచి వీధిలోకి బయల్దేరింది.

"ఒరేయ్! ఇందులోంచి ఎంత వస్తుందిరా?"

"ఎంతొస్తుందక్కా, ఓ చెంబుడు."

"చెంబుడా! ఇంట్లో గిన్నెలన్నీ నిండాయి!"

అటువైపు బావమరిది గొంతు చిన్నదైంది. "రంగేంటక్కా?"

"ఎరుపు. దానిమ్మరసంలా ఉంది."

"ఎరుపా! హౌసింగ్‌ది నల్లగా జిగురుగా రావాలే! ఎర్రది గేర్‌బాక్సుది! బావ ఏది విప్పాడు?"

"నువ్వు చెప్పిందే. ముందుది."

"ముందుదెందుకు విప్పాడు?"

"నువ్వే కదరా ముందు విప్పమన్నావ్!"

"ముందంటే ముందు కాదక్కా! ముందు!"

"ఏ ముందు?"

"ముందంటే, అదే, వెనకదాని కంటే ముందు!"

"అదేగా విప్పారు, వెనకదాని కంటే ముందున్నది!"

"అయ్యో రామా! నేను చెప్పింది ముందు విప్పమని కాదు, ముందు విప్పమని!" అని బావమరిది మొత్తుకున్నాడు. అంతలో లారీ సొరంగంలో దూరింది. ఫోను తెగిపోయింది.

"మొదట అని ఏడవచ్చు కదరా!" అని ఆవిడ ఖాళీ ఫోనుని కసిరి, బండి దగ్గరికి పరిగెత్తింది. "ఆపండి! తప్పుది విప్పారట! అది గేర్‌బాక్సు ఆయిలట!"

గేర్‌బాక్సు అన్న మాట గడియారాలాయనకి అర్థమైంది. అది ఎండిపోతే బండి అంగుళం కదలదు. కొండ, బురుజు, బ్యాటరీ గడియారం ఒక్కసారి కళ్ళముందు గిర్రున తిరిగాయి. బోల్టు కోసం తడిమాడు. అది ఏ బేసిను అడుగున ఉందో ఎవరికి తెలుసు? లోపల ఇంకా కొంతైనా మిగిలి ఉండాలి. చటుక్కున బొటనవేలు తీసి కన్నంలో పెట్టాడు. కొలిచి చేసినట్టు సరిపోయింది. ధార ఆగింది.

"ఆగింది!"

"దేంతో ఆపారు?"

"వేలితో!"

"అలా ఎంతసేపు?"

అది ఆయన ఆలోచించలేదు. "నువ్వు బోల్టు వెతుకు" అన్నాడు.

ఆవిడ కొంగు బిగించి, బేసిన్లో మోచేతుల దాకా చేతులు ముంచింది.

పక్కింట్లో రిటైరైన కాంపౌండరు గారుంటారు. ఉద్యోగం మానేసినప్పటి నుంచీ ఆయన ఫస్టెయిడ్ పెట్టె తుడిచి, దూది మార్చి, ఎవరికైనా ఏదైనా జరక్కపోతుందా అని వరండాలో కూర్చుంటాడు. వీధిలో ఎవరూ మోకాలు కూడా గీరుకోలేదు. ఆ మధ్యాహ్నం ఆయన తన గేటు ముందు నుంచి ఎర్రటి ధార పారడం చూశాడు. కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. పెట్టె చంకలో పెట్టుకుని ధారకి ఎదురు నడిచాడు. బండి కింది నుంచి కదలకుండా రెండు పాదాలు. పక్కన మోచేతుల దాకా ఎర్రటి చేతులతో ఆ ఇంటి ఇల్లాలు.

"అమ్మాయ్! ఏమైందమ్మా!"

"ఏం చెప్పమంటారు బాబాయిగారూ! ఆగితేగా! వేలు తీస్తే మొత్తం పోతుంది!"

"వేలు పోయిందా!"

"పోలేదు, లోపలుంది!"

కాంపౌండరు గారు గుండె పట్టుకుని వంగాడు. "అబ్బాయ్! నా మాట వినపడుతోందా?"

"వినపడుతోంది! నన్ను కదిలించకండి! కదిలిస్తే అయిపోయినట్టే!"

"విన్నావా? వెన్నుపూస!" అన్నాడాయన. ఆ గొంతులో బాధ ఉంది కానీ, చాలా ఏళ్ళ తర్వాత వచ్చిన చురుకు కూడా ఉంది. ఆవిడ "కాదండీ, గేర్..." అనేలోగానే అంబులెన్సుకి ఫోన్ చేసేశాడు.

అంబులెన్సు ఎప్పుడూ రానంత తొందరగా వచ్చింది. ఎవరో నిండు గర్భిణిని పెద్దాసుపత్రిలో దింపి, ఖాళీగా తిరిగిపోతూ వీధి చివరే ఉందట. సైరనుకి వీధంతా బయటికొచ్చింది. లావుపాటి నర్సమ్మ దిగి, ఎర్రటి మడుగు చూసి, బండి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది.

"రక్తం ఎక్కణ్ణుంచి పోతోంది?"

"గేర్‌బాక్సులోంచి."

నర్సమ్మ డ్రైవరు వైపు తిరిగి, "తలకి తగిలినట్టుంది" అంది నెమ్మదిగా. మళ్ళీ వంగి, "ఏ గ్రూపు బాబూ?" అంది.

"నాకు తెలీదండీ. డబ్బా మీద రాసుంటుంది."

"గట్టిగానే తగిలింది. లాగండి!"

కాంపౌండరు గారొక కాలు, డ్రైవరొక కాలు పట్టుకున్నారు. "వద్దు! మీకు దండం పెడతాను, వద్దు!" అని ఆయన అరుస్తున్నా లాగేశారు. ఫట్‌మని సీసా మూత ఊడినట్టు చప్పుడైంది. గడియారాలాయన ఎండలోకి వచ్చాడు. గేర్‌బాక్సులో మిగిలిందంతా ఆయన వెనకే వచ్చింది.

అందరూ చుట్టూ నిలబడి చూశారు. చివరి చుక్క టప్‌మంది. కాంపౌండరు గారు వేలితో అద్ది వాసన చూశాడు. "ఇది రక్తం కాదే" అన్నాడు, ఎవరో తనని మోసం చేసినట్టు.

అప్పుడే ఆవిడ బేసిన్లోంచి చెయ్యెత్తింది. "దొరికింది!"

బోల్టు ఎండలో తళతళా మెరిసింది. దాన్ని చూడడానికి ఎవరికీ ముఖం చెల్లలేదు.

"సైరన్ వేసుకుని వచ్చాం" అంది నర్సమ్మ నడుమ్మీద చెయ్యేసుకుని. "తీరా కేసు లేదంటే మా డ్రైవరుకి మాటొస్తుంది. ఎవరు పడతారు?"

గడియారాలాయన ఏమీ వినడం లేదు. మెట్టు మీద కూర్చుని, గదిలో మంచం వైపు చూస్తున్నాడు. ఎర్ర ఆయిల్ అమ్మే కొట్టు రేపటిగ్గానీ తెరవరు. కొండమీద ఈపాటికి నిచ్చెన వేసుకుని ఉంటారు. భూతద్దం ఇంకా కంటికే ఉంది. దాని వెనక కన్ను తడిగా, గుడ్లగూబ కన్నంత కనిపిస్తోంది. పొద్దుట్నుంచీ దెప్పుతున్న భార్య ఆ కన్ను చూసి, తల తిప్పుకుని అంబులెన్సు వైపు చూసింది. దాని తలుపు మీద రాసినది చదివింది.

"నర్సమ్మా, మీ ఆసుపత్రి కొండమీదా?"

"ఆఁ. బడి పక్కనే. ఇదీ నాలుగు చక్రాలూ లాగే బండే."

"మరి కేసు కావాలన్నారుగా?" ఆవిడ మొగుడి బొటనవేలు పట్టుకుని పైకెత్తింది. కన్నం అంచు గీరుకుని ఓ నెత్తుటి చుక్క, నిజమైనదే, నిలబడి ఉంది. "ఇనుము కోసుకుంది. తుప్పు ఇనుము."

నర్సమ్మ వేలు చూసింది, డ్రైవరుని చూసింది. "తుప్పా? అయితే టెటనస్ సూది పడాల్సిందే. మా దగ్గరే ఉంది. ఎక్కించండి" అంటూనే వేలికి ఇంత దూది పెట్టి కట్టు కట్టేసింది.

"ఒక్క మాట. ఆయన గడియారం లేకుండా కదలరు."

"అయ్యో, దానికేం, పెట్టుకోమనండి!"

లోపల్నుంచి నలుగురు మనుషులు ఆపసోపాలు పడుతూ దుప్పటి కప్పినదాన్ని మోసుకొచ్చారు. నర్సమ్మ నోరు తెరుచుకుంది. "ఇదేంటి!"

"గడియారం" అంది ఆవిడ.

అన్న మాట వెనక్కి తీసుకోవడం నర్సమ్మ ఇంటావంటా లేదు. గడియారాన్ని స్ట్రెచరు మీద పడుకోబెట్టి, కదలకుండా పట్టీలు బిగించి, దుప్పటి పైదాకా లాగింది. "ఇది ఎక్కితే కాళ్ళు పెట్టే చోటుండదు. సార్, మీరు ముందు ఎక్కండి" అంది.

గడియారాలాయన బుద్ధిగా వెళ్ళి డ్రైవరు పక్కన ముందు సీట్లో కూర్చున్నాడు. భార్య చూసింది. ఆ పూటకి ఆవిడ దిద్దాల్సిన ముందులు అయిపోయాయి. ఓ గంపెడు గుడ్డముక్కలు తెచ్చి వాకిట్లో మడుగు మీద పరవడం మొదలుపెట్టింది.

కొండమీద పొద్దు వాలుతోంది. బడి ఆవరణ నిండా పాత విద్యార్థులు. హెడ్‌మిస్ట్రెస్ బ్యాటరీ గడియారాన్ని చంకలో పెట్టుకుని నిచ్చెన దగ్గర నిలబడి ఉంది. సైరన్ మోగించుకుంటూ అంబులెన్సు గేట్లోకి వచ్చింది. మలుపుల్లో వేసిన సైరను ఆపడం డ్రైవరు మర్చిపోయాడు. జనం రెండు పాయలై దారిచ్చారు. వెనక తలుపులు తెరుచుకున్నాయి. నిండా దుప్పటి కప్పిన స్ట్రెచరు మెల్లగా దిగింది.

"ఎవరమ్మా?" అంది హెడ్‌మిస్ట్రెస్.

నర్సమ్మకి ఆయాసం. "గడియారాలాయన... ఇంటి నుంచే..."

"ఏమైంది!"

"బండికి ఆయిల్ మారుస్తుంటే... మొత్తం పోయింది..."

హెడ్‌మిస్ట్రెస్ చంకలోంచి బ్యాటరీ గడియారం జారి కిందపడి, అద్దం పగిలింది. ఆవిడ దాని వైపు చూడలేదు.

"నేనే చంపుకున్నాను" అంది, అందరికీ వినపడేలా. "పొద్దుగూకేలోగా అని నేనే తరిమాను. ఎంత పనిమంతుడు! ఆ చేతులు మళ్ళీ ఎక్కడ పుడతాయి? అందరూ వినండి. నేనున్నంతకాలం ఈ బురుజులో ఆయన గడియారం తప్ప ఇంకోటి ఎక్కదు. దాన్ని చూసుకునే పనీ ఆయనదే..." అని ఆగి, "ఆయనదే అయ్యుండేది" అని కళ్ళు తుడుచుకుంది. పాత విద్యార్థులు తలలు వంచుకున్నారు.

ఈలోగా గడియారాలాయన ముందు తలుపుతో పెనుగులాడుతున్నాడు. బొటనవేలికి నర్సమ్మ కట్టిన కట్టు గుమ్మడికాయంత ఉంది, పిడి పట్టు చిక్కడం లేదు. స్ట్రెచరు చక్రం మెట్టుకి కొట్టుకుంది. పేలిక సడలింది. దుప్పటి కింద సుత్తి లేచి పడింది.

ఖంగ్!

తలలు వంచుకున్న వాళ్ళు తలలెత్తారు. రెండో దెబ్బకి సగం మంది నిచ్చెన వెనక ఉన్నారు. మూడో దెబ్బకి ముందు తలుపు ఊడివచ్చినట్టు తెరుచుకుని, ఎర్ర మీసంతో, కంటికి భూతద్దంతో గడియారాలాయన కిందికి దూకాడు.

"జాగ్రత్త! సుత్తి వంగుతుంది!"

హెడ్‌మిస్ట్రెస్ స్ట్రెచరుని చూసింది, ఆయన్ని చూసింది. ఏడుపు ఆపకుండానే తిట్లు మొదలుపెట్టింది. "ఏమయ్యా! ముందు చెప్పొద్దూ!"

"ముందే ఉన్నానండీ" అన్నాడాయన. "తలుపు రాలేదు."

బురుజు గురించి హెడ్‌మిస్ట్రెస్ అన్న మాట అందరూ విన్నారు. ఇక వెనక్కి తీసుకోవడానికి లేదు. పాత విద్యార్థులే పోటీలుపడి యంత్రాన్ని బురుజెక్కించారు. ఆయన ఒక చేత్తోనే మరలు బిగించాడు, ఒక్క మరా వరస తప్పలేదు. కొండ అంచున సూర్యుడి ఆఖరి ముక్క దిగుతుండగా గంట మోగింది. కింద లోయదాకా మోగింది. చప్పట్లు, ఈలలు, కేరింతలు! అంతమందిలోకీ హెడ్‌మిస్ట్రెసే గట్టిగా కొట్టింది. సూది సంగతి అందరూ మర్చిపోయారనుకుని ఆయన మెల్లగా గేటు వైపు నడిచాడు. నర్సమ్మ మర్చిపోలేదు.

నాలుగు రోజులు గడిచాయి. షెడ్డు కుర్రాళ్ళు ఎర్ర ఆయిల్ పోసి గేర్‌బాక్సుని బతికించారు. హెడ్‌మిస్ట్రెస్ ఫోన్ చేసింది.

"మీ గడియారం కాస్త ముందుంది."

ఆయన పట్టకారు కింద పెట్టాడు. "ఏ ముందండీ?"

"టైము కంటే ముందు! వచ్చి సరిచెయ్యండి."

ఆ సాయంత్రమే బావమరిదిని బండి అడిగాడు.

"తీసుకెళ్ళు బావా, నాదేముంది" అన్నాడు బావమరిది. "కానీ ముందు వెనకది మార్చాలి."

గడియారాలాయన చెప్పులేసుకుని కొండకి నడక మొదలుపెట్టాడు.